కుక్కపిల్ల కొంటున్నారా? దాని అమ్మానాన్నల ఎక్స్‌రే చూపించమనండి!

సంతలో గేదెను కొనే రైతును మీరెప్పుడైనా గమనించారా? ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పొదుగు తడిమి చూస్తాడు. ఒంటిమీద సుళ్లు ఎక్కడెక్కడున్నాయో చూస్తాడు. సుళ్లకూ పాలకూ సంబంధం లేదనుకోండి, అది వేరే సంగతి. ఇవన్నీ అయ్యాక అమ్మేవాణ్ణి ఒక్క మాట మాత్రం తప్పకుండా అడుగుతాడు: "దీని తల్లి పూటకు ఎన్ని లీటర్లిచ్చేది?" పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలన్న సామెత మీరు విన్నదే. మెండెల్ పేరు ఎన్నడూ వినని రైతుకు కూడా అనువంశికత గురించి ఆ మాత్రం తెలుసు.

అదే రైతు పట్నంలో ఉన్న కొడుకు ఇంటికి వచ్చి, మనవడి కోసం కుక్కపిల్లను కొనడానికి వెళ్లాడనుకుందాం. ఆ ప్రశ్న అక్కడ అడగడు. అడగాలని కూడా తోచదు. అట్టపెట్టెలో ఒకదానిమీద ఒకటి దొర్లుతున్న పిల్లల్లో ఏది ముందు వచ్చి చెయ్యి నాకితే దానికి అడిగినన్ని వేలు ఇచ్చి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చేస్తారు. మనవడికి ఆనందం, తాతకూ ఆనందం. కాని ఆ పిల్ల పది పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఉండబోతోంది. ఏడో తరగతి పిల్లవాడు కాలేజీ చదువు ముగించి ఉద్యోగంలో చేరే వరకు అన్నమాట! అంతకాలం అది చూడగలదా, నడవగలదా అన్నది చాలావరకు అది పుట్టకముందే, దాని తల్లిదండ్రుల జన్యువుల్లో నిర్ణయమై ఉంటుంది.

"మేం అన్ని కాగితాలూ చూశాం మాస్టారూ" అంటారు మీరు. ఏం కాగితాలవి? ఒకటి టీకాల కార్డు. పార్వో, డిస్టెంపర్ వంటి అంటురోగాలకు సూదిమందు ఎప్పుడు వేశారో అందులో ఉంటుంది. అది అవసరమే. రెండోది వంశావళి పత్రం. మన దేశంలో చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇలాంటి పత్రాలు ఇస్తుంది. పిల్ల తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాతముత్తాతలెవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. ముత్తాత పోటీల్లో గెలిచి ఉంటే ఆ బిరుదు కూడా ఉంటుంది. అయితే మీ రేషన్ కార్డులో మీ నాన్నగారి పేరుంటుందిగాని ఆయనకు చక్కెర వ్యాధి ఉందో లేదో ఉండదు కదా! వంశావళి పత్రమూ అంతే. తల్లికుక్క కళ్లు ఎలా ఉన్నాయో, తండ్రికుక్క తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో అది చెప్పదు. అది చెప్పే కాగితం మూడోది. ఆ మూడో కాగితాన్ని గురించే ఈ వ్యాసం.

మన రెండు రాష్ట్రాల్లో పట్నాల్లో ఎక్కువగా కనిపించే జాతి కుక్క లాబ్రడార్ కనుక దానితోనే మొదలుపెడదాం.

మా బడిలో పదో తరగతి చదివిన ఒక అబ్బాయి ఇంట్లో లాబ్రడార్ ఉండేది. నల్లటిది, బొద్దుగా ఉండేది. అయిదేళ్లు వచ్చేసరికి సాయంత్రం చీకటి పడితే చాలు, పెరట్లో బకెట్లకు గుద్దుకోవడం మొదలుపెట్టింది. పగలు బాగానే ఉండేది. మేడమెట్లు దిగమంటే మొదటి మెట్టు దగ్గరే నిలబడి కాలితో తడుముకొనేది. పొగరు చేస్తోందని ఇంట్లోవాళ్లు కసిరేవాళ్లు. పశువైద్యుడు కంట్లోకి దీపం వేసి చూసి, నేత్రపటలం క్షీణిస్తోంది, దీనికి మందు లేదన్నాడు. ఏడాదిన్నర గడిచేసరికి పగలు కూడా చూపు పోయింది. ఆ అబ్బాయి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "కొనేటప్పుడే ఇది తెలుసుకోవడానికి వీలుండేదా మాస్టారూ?"

వీలుంది. దానికి కావలసింది కుక్క బుగ్గ లోపల ఒకసారి తిప్పిన దూది పుల్ల. అంతే!

కంటి వెనుకభాగంలో ఉండే నేత్రపటలంలో దండకణాలు, శంకుకణాలు ఉంటాయని మీరు పాఠంలో చదివారు. మసక వెలుతురులో చూడడానికి దండకణాలు, పగటి వెలుతురులో చూడడానికి శంకుకణాలు ఉపయోగపడతాయి. ఈ జబ్బులో ముందు దండకణాలు చనిపోతాయి, అందుకే మొదట రేచీకటి వస్తుంది. తర్వాత శంకుకణాల వంతు. రెండు నెలల కుక్కపిల్ల కళ్లలోకి ఎంత గొప్ప డాక్టరు చూసినా ఇది కనబడదు, ఎందుకంటే అప్పటికి కణాలింకా బతికే ఉంటాయి. కాని కారణం మాత్రం అప్పటికే ప్రతి కణంలోనూ ఉంటుంది. కుక్కకు 39 జతల క్రోమోజోములు. మనకంటే 16 జతలు ఎక్కువ! టాషా అనే ఒక బాక్సర్ జాతి ఆడకుక్క డి.ఎన్.ఎ.ను ఆసాంతం చదివి 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది, 2006లో, లాబ్రడార్లతో సహా అనేక జాతుల్లో ఈ గుడ్డితనాన్ని తెచ్చే లోపం ఎక్కడుందో దొరికింది. పి.ఆర్.సి.డి. అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. అంత పెద్ద గ్రంథంలో ఒక అచ్చుతప్పు! ఇందులో మనకు సంబంధించిన విశేషం కూడా ఒకటుంది. అచ్చం అదే తప్పు, అదే జన్యువులో, రేచీకటితో మొదలయ్యే నేత్రవ్యాధి ఉన్న ఒక బంగ్లాదేశ్ రోగిలో కనిపించింది. కుక్కలో దొరికిన కారణం మనిషి జబ్బుకు దారి చూపింది.

ఈ లోపం అంతర్గత లక్షణం. బఠానీ మొక్కల్లో పొట్టిదనం లాంటిది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవైతేనే కుక్క గుడ్డిదవుతుంది. ఒకటి చెడి ఒకటి మంచిదైతే కుక్కకు ఏ బాధా ఉండదు, కళ్లు నిక్షేపంలా ఉంటాయి. కాని పిల్లలకు ఆ చెడిన ప్రతిని అందించగలదు. అలాంటిదాన్ని వాహకం అంటారు. రెండు వాహకాలను జత కట్టించారనుకోండి, ఏం జరుగుతుందో మీరే చేసి చూడవచ్చు. రెండు రూపాయి నాణేలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. బొమ్మ మంచి ప్రతి, బొరుసు చెడిన ప్రతి. రెంటినీ కలిపి ఎగరెయ్యండి. రెండూ బొరుసులు పడితే ఆ పిల్ల పెద్దయ్యాక గుడ్డిదవుతుంది. లాబ్రడార్ ఒక ఈతలో ఎనిమిది పిల్లలను పెట్టిందనుకొని ఎనిమిదిసార్లు ఎగరెయ్యండి. అది ఒక ఈత. అలా పది ఈతలు వేసి కాగితం మీద రాసుకోండి.

సగటున ప్రతి నాలుగు పిల్లల్లో ఒకటి చొప్పున రెండు బొరుసులు వస్తాయి. కాని మీ కాగితంలో అసలు సంగతి అది కాదు. కొన్ని ఈతల్లో మూడు నాలుగు గుడ్డి పిల్లలు వచ్చి ఉంటాయి, ఏదో ఒక ఈతలో ఒక్కటి కూడా రాకపోయి ఉండవచ్చు. లెక్క ప్రకారం పది ఈతల్లో ఒకటి అలా ఉంటుంది. నాలుగు పిల్లలే పుట్టిన చిన్న ఈతలైతే, మూడింటిలో ఒకటి దాదాపుగా అలా తప్పించుకుంటుంది. ఇప్పుడు అమ్మేవాడి మాట ఆలోచించండి. "మా కుక్కల్లో ఇంతవరకు ఏ జబ్బూ లేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అంటాడు. అతను అబద్ధమాడనక్కరలేదు. అతని రెండు కుక్కలూ ఆరోగ్యంగానే కనిపిస్తాయి, మొదటి ఈత అదృష్టవశాత్తు బాగానే పోయి ఉండవచ్చు. పైగా చూపు పోయేది నాలుగైదేళ్లకు. అప్పటికి ఆ పిల్లలు ఏ ఊళ్లో ఉన్నాయో ఎవరికి తెలుసు? పరీక్ష చేయిస్తేగాని అతనికి కూడా తెలిసే దారి లేదు. అందుకే నేను ఈ మాటను నమ్మకానికి సంబంధించినదిగా చూడను, లెక్కకు సంబంధించినదిగా చూస్తాను.

పరీక్ష ఫలితం మూడు రకాలుగా వస్తుంది: రెండు ప్రతులూ మంచివి, వాహకం, రెండూ చెడినవి. తల్లిదండ్రుల్లో ఒకటి మొదటి రకమని తేలితే చాలు, మీ పిల్లకు ఈ లోపం వల్ల చూపు పోదు. రెండోది వాహకమైనా సరే. నాణేలతో సరిచూసుకోండి, ఒక నాణేనికి రెండువైపులా బొమ్మే ఉందనుకొని! కనుక వాహకమని తేలిన కుక్కను పనికిరానిదని పక్కన పెట్టేయడం తెలివైన పని కాదు. దాన్ని మంచి రకంతో జత కట్టిస్తే చాలు. వాహకాలన్నిటినీ తీసేస్తూ పోతే మిగిలిన కొద్ది కుక్కల్లోనే జతలు కట్టించవలసి వస్తుంది, అప్పుడు మనకు తెలియని వేరే చెడిన ప్రతులు రెండేసి కలుస్తాయి.

ఇంకొక జాగ్రత్త. ఈ పరీక్ష ఈ ఒక్క అచ్చుతప్పునే వెతుకుతుంది. నేత్రపటలాన్ని దెబ్బతీసే లోపాలు కుక్కల్లో వేరే జన్యువుల్లో కూడా ఉన్నాయి. "డి.ఎన్.ఎ. పరీక్ష అయింది" అని ఎవరైనా అంటే, "దేనికి చేయించారు?" అని అడగండి. లాబ్రడార్లలోనే, కాసేపు గట్టిగా పరుగెత్తితే వెనుకకాళ్లు సడలి కూలబడిపోయే జబ్బు ఒకటుంది. దాని కారణం 2008లో దొరికింది. దానికి పరీక్ష వేరే.

ఇక కీళ్ల సంగతి. ఇక్కడ దూది పుల్ల సరిపోదు.

మీ ఇంట్లో రుబ్బురోలు ఉంటే ఒకసారి చూడండి. గుంటలో పొత్రం చక్కగా ఇమిడి తిరుగుతుంది. గుంట లోతు తక్కువై పొత్రం వదులైతే ఏమవుతుంది? అంచులకు కొట్టుకుంటుంది, రెండూ అరుగుతాయి. కుక్క తుంటి కీలు కూడా బంతిగిన్నె కీలే. తొడ ఎముక తల బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. పిల్ల పుట్టినప్పుడు కీలు బాగానే ఉంటుంది. పెరిగే వయసులో కొన్నింటిలో కీలు వదులవుతుంది, గిన్నె లోతుగా తయారు కాదు, మృదులాస్థి అరిగి కీళ్లవాతం వస్తుంది. లేచేటప్పుడు మూలుగుతుంది. పరుగెత్తేటప్పుడు కుందేలులా రెండు వెనుకకాళ్లూ కలిపి గెంతుతుంది. పెద్ద జాతుల్లో, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ వంటివాటిలో ఇది మామూలు.

దీనికి ఒక్క జన్యువు కారణం కాదు. చాలా జన్యువులు తలా కొంచెం చెయ్యి వేస్తాయి. మనుషుల ఎత్తు లాగా. అందుకని తల్లిదండ్రుల కీళ్లను ఎక్స్‌రే తీసి చూడవలసిందే. కుక్కకు మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనుకకాళ్లు తిన్నగా చాపి తీస్తారు. అమెరికాలో ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ అనే సంస్థ 1966 నుంచి ఈ ఎక్స్‌రేలను చూసి తరగతులు ఇస్తోంది. ఒకే ఎక్స్‌రేను ముగ్గురు నిపుణులు విడివిడిగా చూస్తారు. మొత్తం ఏడు తరగతులు, పై మూడే ఉత్తీర్ణత. బ్రిటన్‌లో మార్కులు వేస్తారు. ఒక్కొక్క తుంటికి 0 నుంచి 53 వరకు, రెండూ కలిపి 106. ఈ పరీక్షలో సున్నా తెచ్చుకున్నవాడే ఫస్టు! మన దేశంలో కుక్క ఎక్స్‌రే తీసే చోట్లు చాలానే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలున్నాయి కనుక ఆ ఎక్స్‌రేను చదవగలిగిన వాళ్లెవరో అక్కడ వాకబు చేయవచ్చు.

తల్లిదండ్రుల కీళ్లు రెండింటివీ బాగున్నా పిల్లకు ఈ జబ్బు రాదని హామీ లేదు. పొడుగాటి తల్లిదండ్రులకు పొట్టి పిల్లవాడు పుట్టడం మీరు చూడలేదా? అయినా అవకాశం తగ్గుతుంది. తాతల, మేనమామల ఎక్స్‌రేలు కూడా బాగుంటే ఇంకా తగ్గుతుంది. మిగిలింది మీ చేతుల్లో ఉంది. 1987లో అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టినదానిలో నాలుగో వంతు తగ్గించి రెండోదానికి పెట్టారు. జీవితాంతం అలాగే! ఫలితాలు 2002లో ప్రకటించారు. తక్కువ తిన్నవాటికి తుంటి కీళ్లవాతం తక్కువగా, ఆలస్యంగా వచ్చింది. పైగా అవి సగటున 13 ఏళ్లు బతికితే, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ల పైచిలుకు బతికాయి. బొద్దుగా ఉంటే ముద్దుగా ఉంటుందని లాబ్రడార్‌కు మనం పెరుగన్నం మీద పెరుగన్నం పెడుతుంటాం. ఆ ముద్దు దాని కీళ్ల మీద పడుతుంది.

ఇప్పుడొక చిత్రమైన కథ. ఒక జాతిలో ఉన్న కుక్కలన్నీ పరీక్షలో తప్పితే ఏం చెయ్యాలి? తెల్లటి ఒంటిమీద నల్లమచ్చలుండే డాల్మేషియన్‌ను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. మామూలు కుక్కలు యూరిక్ ఆమ్లాన్ని నీటిలో తేలికగా కరిగే మరొక పదార్థంగా మార్చి మూత్రంలో పంపేస్తాయి. డాల్మేషియన్లు అలా చేయలేక యూరిక్ ఆమ్లాన్నే ఎక్కువగా విసర్జిస్తాయి. అది పేరుకొని రాళ్లవుతుంది. మగకుక్కల్లో రాయి అడ్డుపడి మూత్రం బంద్ అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది కూడా అంతర్గత లక్షణమే. కాని శుద్ధజాతి డాల్మేషియన్లన్నిటిలోనూ రెండు ప్రతులూ చెడినవే! ఏ రెండింటిని జత కట్టించినా లాభం లేదు, రెండు నాణేలకూ రెండువైపులా బొరుసే.

రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో జత కట్టించాడు. పుట్టినవాటిలో మంచి ప్రతి ఉన్నవాటిని మళ్లీ డాల్మేషియన్లతో, వాటి పిల్లలను మళ్లీ డాల్మేషియన్లతో, ఇలా తరతరాలుగా కలుపుతూ పోయాడు. ఒక్కొక్క తరానికి పాయింటర్ వాటా సగమవుతుంది. ఎనిమిదో తరంలో అది ఎంత మిగులుతుందో లెక్కకట్టండి! మచ్చలు, రూపు అన్నీ డాల్మేషియన్‌వే, ఒక్క మంచి జన్యువు మాత్రం పాయింటర్‌ది. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటివాటిని రెంటిని డాల్మేషియన్లుగా నమోదు చేసింది. వెంటనే జాతి అభిమానులు జాతి శుద్ధి చెడిపోతోందని గోల చేశారు. నమోదు ఆగిపోయింది. మళ్లీ అనుమతి దొరికింది 2011లో. అంటే ముప్పై ఏళ్లు! ఈ లోపల, 2008లో, చెడిన జన్యువేదో కూడా దొరికింది. మనుషుల్లో యూరిక్ ఆమ్లం ఎక్కువ తక్కువలకు, కీళ్లు వాచే గౌట్ జబ్బుకు దానితో సంబంధముంది. శుద్ధి అనే మాటకు వంశావళి పుస్తకంలో ఒక అర్థం, మూత్రపిండాల్లో ఇంకొక అర్థం ఉన్నట్టుంది.

కొన్ని పరీక్షలకు ప్రయోగశాల కూడా అక్కరలేదు. 2003లో ఒక టెలిఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక మన దేశంలో పగ్‌ల మీద మోజు పెరిగిపోయింది. ముక్కు నొక్కేసినట్టుండే ఈ కుక్కల్లో చాలావాటికి ఊపిరి సరిగా ఆడదు. మన మే నెల ఎండల్లో వాటి అవస్థ చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు చేసే పరీక్షలో స్టెతస్కోపుతో ఊపిరి వింటారు, కుక్కను మూడు నిమిషాలు నడకకూ పరుగుకూ మధ్య వేగంతో తిప్పుతారు, మళ్లీ వింటారు. 0 నుంచి 3 వరకు తరగతి ఇస్తారు. తల్లికుక్క కూర్చున్నచోటనే గురక పెడుతోందా, ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా ఉన్నాయా అన్నది మీ కళ్లకూ చెవులకూ తెలియకపోదు.

తల్లిని చూడాలంటే తల్లి అక్కడ ఉండాలి. దుకాణంలో ఉండదు. కనుక పిల్లలు పుట్టిన చోటికే వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2017లో చేసిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం, వ్యాపారంగా పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు దాటని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈత, జీవితంలో అయిదు ఈతలకు మించకూడదు. నమోదు పత్రం చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

తల్లి వయసు అడిగారనుకోండి, "ఏడాదిన్నర" అన్నారనుకోండి. "తుంటి ఎక్స్‌రేకు అమెరికా సంస్థ తుది పత్రం ఉంది" అని కూడా అన్నారనుకోండి. ఆ రెండూ పొసగవు! ఆ సంస్థ 24 నెలలు నిండితేగాని తుది తరగతి ఇవ్వదు. ఇలాంటి చిన్న లెక్కలు మీకు బాగా పనికొస్తాయి.

మన ఊళ్లలో ఈ కాగితాలు అడిగితే నవ్వేవాళ్లే ఎక్కువ. "కుక్కకు ఎక్స్‌రే ఏమిటి బాబూ!" అంటారు. నవ్వితే నవ్వనివ్వండి, వేరే చోట చూద్దాం నాన్నా అని ఇంటికి రండి. నలుగురు అడిగితేగాని అయిదోవాడికి చూపించడానికి కాగితం తయారు కాదు. జాతి కుక్కే కావాలన్న పట్టుదల లేకపోతే వీధిలో పుట్టిన పిల్లను తెచ్చి టీకాలు వేయించి పెంచుకోండి. దాని తల్లిదండ్రుల చరిత్ర తెలియదు కాని, కొద్ది కుక్కల్లోనే తరతరాలుగా జతలు కట్టించిన వంశం కాదు కనుక ఒకే చెడిన ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం తక్కువ.

ఎవరైనా సంతోషంగా కాగితాలు తెచ్చి చూపిస్తే, చివరగా ఒక పని మిగులుతుంది. మంచి పరీక్ష పత్రం మీద కుక్క పేరుతోపాటు దాని మైక్రోచిప్ సంఖ్య కూడా ఉంటుంది. బియ్యపు గింజంత ఉండే ఈ చిప్‌ను మెడ దగ్గర చర్మం కింద ఎక్కిస్తారు. పశువైద్యుని దగ్గర ఉండే స్కానర్‌ను తల్లికుక్క మెడమీద ఆనిస్తే 15 అంకెలు కనిపిస్తాయి. కాగితాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క అంకె సరిచూడండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ ఎక్స్‌రే వేరే కుక్కది.